మా బాబాయి కొట్లో గవర్నమెంటు ఖాతా

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడల్లా నేను చేసే పని ఒకటే. భోగి మధ్యాహ్నం నుంచి కనుమ రాత్రి దాకా మా బాబాయి కిరాణా కొట్లో కూర్చోవడం. కోడిపందాలకి వెళ్ళను (వెళ్ళినా డేగకీ కాకికీ తేడా తెలీదు నాకు). పండగ రద్దీలో బాబాయికి ఇంకో రెండు చేతులు కావాలి. నాకేమో కాసేపు ల్యాప్‌టాప్ లేని పని కావాలి. ఏడాది పొడుగునా మనం రాసే కోడు ఎవరికి ఉపయోగపడుతుందో మనకే తెలీదు కదా... పావుకిలో బెల్లం ఎవరికి ఉపయోగపడుతుందో మాత్రం కళ్ళ ముందే కనపడుతుంది.

మా ఊరు తాడేపల్లిగూడెం నుంచి ఆటోలో ముప్పావు గంట. సార్వా, దాళ్వా రెండూ వరే. బాబాయి కొట్టు పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల లోతు. నేను పుట్టిన మరుసటేడు పెట్టాడు. రోజుకి ఆరేడు వేల బేరం. అందులో మిగిలేది ఎంతో నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ చెప్పలేదు.

ఈసారి కనుమ రాత్రి కొట్టు కట్టేశాక, "ఒరే చిన్నా, ఈ ముద్రా లోను సంగతి కాస్త నెట్లో చూసి చెప్తావా?" అన్నాడు.

బాబాయి నన్నొక పని అడగడం అదే మొదటిసారి. చిన్నప్పట్నుంచీ అడిగింది నేను, ఇచ్చింది ఆయన. అందుకని కాస్త కంగారుపడ్డాను. విషయమేంటంటే ఆయనకి రెండు లక్షలు కావాలి. గూడెంలో హోల్‌సేలు వాళ్ళు ఇదివరకు పదిహేను రోజులు అరువిచ్చేవాళ్ళు, ఇప్పుడు డబ్బు పడితేనే సరుకు కదులుతుంది. మూడు నెలలుగా తిరుగుతున్నాడట. నాకు చెప్పలేదు.

సరే, నెట్లో చూడ్డం మనకొచ్చిన పనే కదా అని ఆ రాత్రే మొదలెట్టాను. పథకాలు బోలెడున్నాయి. ప్రభుత్వం ఏమీ చెయ్యట్లేదు అనడం నిజంగా అన్యాయం. ఒక్కొక్కటీ చదువుతూ, బాబాయి అందులో పడతాడో లేదో చూస్తూ పోయాను.

పీఎం స్వనిధి. 2020లో కరోనా టైములో వచ్చింది, మంచి పథకం. మొదట చిన్న అప్పు, అది తీరిస్తే ఇంకాస్త పెద్దది, పైగా వడ్డీలో 7 శాతం రాయితీ. కానీ అది పట్టణాల్లో వీధి వ్యాపారులకి. మాది పల్లెటూరు.

జగనన్న తోడు. అదీ 2020లోనే మొదలైంది, పల్లెల్లో చిరువ్యాపారులకి కూడా 10,000 వడ్డీలేని అప్పు ఇచ్చేవాళ్ళు. కానీ కొట్టు అయిదడుగులకి అయిదడుగులు, లేదా అంతకన్నా చిన్నది అయ్యుండాల్సింది. బాబాయి కొట్టు పెద్దదైపోయింది!

పీఎం విశ్వకర్మ, 2023. లక్ష, అది తీరిస్తే రెండు లక్షలు, 5 శాతం వడ్డీకే. కానీ వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ... ఇలా 18 చేతివృత్తుల వాళ్ళకి. పప్పు తూచడం వృత్తి కాదు.

ఆహారశుద్ధి వాళ్ళకి ఇంకోటుంది. పచ్చళ్ళో అప్పడాలో తయారుచేస్తే పెట్టుబడిలో 35 శాతం రాయితీ, 10 లక్షల దాకా. బాబాయి అప్పడాలు అమ్ముతాడు గానీ తయారుచెయ్యడు.

ఇలా చదువుతుంటే అర్థమైంది. ప్రభుత్వం దృష్టిలో ఏదో ఒకటి తయారుచేసేవాడికి విలువ, ఒకచోట కొని ఇంకోచోట అమ్మేవాడు ఎందుకో కాస్త లోకువ. 2017లో వ్యాపారులని చిన్న, సూక్ష్మ పరిశ్రమల జాబితాలోంచి అసలు తీసేశారు. 2021 జూలైలో మళ్ళీ చేర్చారు, అదీ బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల లెక్క వరకే. మిగతా సౌకర్యాలేవీ రావు. ఊళ్ళోకి ఉప్పూ పప్పూ మోసుకొచ్చేవాడు లేకపోతే ఆ 18 వృత్తుల వాళ్ళూ ఏం తింటారో మరి.

ఇహ మిగిలింది ముద్ర. 2015 ఏప్రిల్‌లో మొదలైంది, ఇందులో వ్యాపారులూ వస్తారు. 50,000 దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, ఆపైన తరుణ్. బాబాయిది కిశోర్ కిందకి వస్తుంది. "చూశావా, నీకు వస్తుంది" అన్నాను పొద్దున్నే, గొప్పగా.

"వెళ్ళానురా. శిశు అయితే ఇస్తారట. యాభై ఆరేళ్ళు వచ్చాయి, ఇంకా శిశువునే" అని నవ్వాడు.

బ్యాంకువాళ్ళు ఏమడిగారో చెప్పాడు. మూడేళ్ళ ఇన్‌కంటాక్స్ రిటర్నులు, జీఎస్టీ నంబరు, ఒక జామీనుదారు. పది లక్షల లోపు సూక్ష్మ, చిన్న వ్యాపార రుణాలకి తాకట్టు అడక్కూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. తాకట్టు అడగలేదు లెండి, "ఎవరైనా ఉద్యోగస్తుడు సంతకం పెడితే బావుంటుంది" అన్నారు. అంతే. ఆ మేనేజర్ని నేను తిట్టను. ఎదురుగా ఉన్న మనిషి అమ్మకాలు ఎంతో చెప్పే కాగితం ఒక్కటీ లేనప్పుడు ఆయన మాత్రం ఏం చూసి ఇస్తాడు?

కాగితం ఎందుకు లేదో చూడండి. ఆంధ్రాలో సరుకులమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల బేరం దాకా జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కర్లేదు (తెలంగాణలో 20 లక్షలే). బాబాయిది పాతిక లక్షల లోపే. అంటే చిన్నవాళ్ళకి మేలు చెయ్యాలని ప్రభుత్వమే వదిలేసింది. మంచిదే. కానీ అలా వదిలేసినందువల్లే ఆయన ఉన్నాడని చెప్పే రుజువు కూడా లేకుండా పోయింది. ఒక చేత్తో మినహాయింపు ఇచ్చి, ఇంకో చేత్తో ఆ కాగితమే తెమ్మంటున్నాం.

"మరి యూపీఐ లెక్కలు చూపించకపోయావా?" అన్నాను. కొట్లో క్యూఆర్ బోర్డు పెట్టించింది నేనే, ఆ గర్వం ఒకటి. ఆ బోర్డు చక్కెర డబ్బా వెనకాల ఉంది! 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణాల వాళ్ళకి జీఎస్టీ నోటీసులు పంపారు గుర్తుందా? బెంగుళూరులో కొంతమంది బోర్డులు పీకేసి "నగదు మాత్రమే" అని రాసుకున్నారు. ఆ వీడియోలు మా ఊరి దాకా వచ్చాయి. నీకు 40 లక్షలు దాటవు, నీకేం కాదు అని నేను ఎంత చెప్పినా, "నువ్వు హైదరాబాదులో ఉంటావు. నోటీసొస్తే గూడెం తిరగాల్సింది నేను" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావంటే రెండు మాటలు చెప్పాడు. ఒకటి మా పిన్ని డ్వాక్రా లోను. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇదే కథ అనుకుంటా. కాగితాల మీద పిన్నిది పాడిగేదె, నిజంగా వచ్చింది నూనె డబ్బాలూ సబ్బు పెట్టెలూ. 2004లో పావలా వడ్డీ వచ్చినప్పటినుంచీ మా కొట్టుకి అసలు పెట్టుబడిదారు పిన్నే. డ్వాక్రాలో ఎవరూ రిటర్నులు అడగరు. నెలనెలా కడుతోందా, గుంపులో మిగతావాళ్ళు ఒప్పుకున్నారా, అంతే. పల్లెటూరి మనిషిని నమ్మడానికి పనికొచ్చే కాగితం మీటింగు పుస్తకమేనని మన ప్రభుత్వాలకి ఇరవయ్యేళ్ళ కిందే తెలుసు. కొట్లవాళ్ళ విషయంలో మాత్రం మర్చిపోయినట్టున్నారు.

రెండోది డైలీ ఫైనాన్సు. దీని గురించి తెలియనివాళ్ళకి చెప్తాను. మోటారుసైకిలు మీద ఒకతను వస్తాడు. 10,000 అప్పంటే చేతికి 9,000 ఇస్తాడు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి "నూటికి పది" లాగా ఉంటుంది. నేను కూర్చుని లెక్క కట్టాను. మొదటిరోజునుంచే అసలు తీరుతూ వస్తుంది కాబట్టి, నిజంగా పడేది నెలకి నూటికి ఆరు రూపాయల పైచిలుకు. ఏడాదికి 75 శాతం పైమాటే. బాబాయికి ఇది తెలీదనుకున్నాను. "తెలుసురా. కానీ వాడు పొద్దున్నడిగితే సాయంత్రం ఇస్తాడు" అన్నాడు.

ఇక్కడిదాకా నేను కూడా "పాపం, గ్రామీణ వ్యాపారికి అప్పు పుట్టట్లేదు" అనే అనుకున్నాను. అసలు విషయం ఆ మర్నాడు తెలిసింది.

సెలవు ఒకరోజు పొడిగించి (మేనేజరుకి జ్వరమని చెప్పి :-)), బాబాయి పద్దుల పుస్తకాలు ముందేసుకుని ఎక్సెల్లోకి ఎక్కించాను. బ్యాంకుకి చూపించడానికి ఏదో ఒక కాగితం తయారుచేద్దామని నా ఉద్దేశం. మొత్తం 87 పేర్లు. రావాల్సిన బాకీ 3,12,400.

నేను నోరు వెళ్ళబెట్టాను. రెండు లక్షల అప్పు కోసం తిరుగుతున్న మనిషి ఊళ్ళో మూడు లక్షలు అప్పిచ్చి కూర్చున్నాడు!

ఒక్కో పేరూ చదువుతుంటే బాబాయి పక్కన కూర్చుని ఎవరెందుకు ఇవ్వలేదో చెప్పాడు. నేను పక్క కాలమ్‌లో రాసుకుంటూ పోయాను. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళు 46,000. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది, పప్పూ నూనే చింతపండూ వీళ్ళు కొనాలి, బిల్లు తర్వాత వస్తుంది. రాలేదు. పంచాయతీలో చెత్త ఊడ్చే నలుగురు 22,000. జీతాలు రాలేదు. ఉపాధి పనికెళ్ళిన పందొమ్మిది ఇళ్ళవాళ్ళు 34,000. కూలి పడలేదు. ఊళ్ళో సిమెంటు రోడ్డు వేసిన చిన్న కాంట్రాక్టరు, తన మేస్త్రీలకి రెండు నెలలు సరుకులు ఇప్పించినవాడు, 69,000. బిల్లు అవ్వలేదు.

కూడితే 1,71,000. బాకీలో సగం పైన. ఇందులో ఇద్దరు ముగ్గురు ఇవ్వడం ఇష్టం లేక ప్రభుత్వం మీద నెట్టేస్తుండొచ్చు, కాదనను. కానీ చాలావరకు నిజమేనని బాబాయి నమ్మకం. ఆయనకి ఎవడి అబద్ధం ఎలా ఉంటుందో ముప్పయ్యేళ్ళుగా తెలుసు.

అంటే సంగతేంటి? ఈ ఊళ్ళో ప్రభుత్వం పనులు చేయించుకుంటోంది. పిల్లలకి అన్నం పెట్టిస్తోంది, రోడ్లు వేయిస్తోంది, వీధులు ఊడిపిస్తోంది. డబ్బులు ఆలస్యంగా ఇస్తోంది. ఆ ఆలస్యమైన నెలల్లో ఆ ఇళ్ళల్లో పొయ్యి వెలగాలి కదా, దానికయ్యే ఖర్చు మా బాబాయి పెడుతున్నాడు, వడ్డీ లేకుండా. ఆయన ఆ డబ్బు మోటారుసైకిలు వాడి దగ్గర ఆరు రూపాయల వడ్డీకి తెస్తున్నాడు. ప్రభుత్వం మా బాబాయికి సాయం చెయ్యాలా వద్దా అని మనం వాదించుకుంటున్నాం గానీ, ఇప్పటికైతే మా బాబాయే ప్రభుత్వానికి సాయం చేస్తున్నాడు. ప్రభుత్వం దగ్గర ఇరుక్కున్న ఆ 1,71,000 సమయానికి వస్తే ఆయనకి ముద్ర ఎందుకు, మోటారుసైకిలు వాడెందుకు?

ఇది ఒక పార్టీ సంగతి కాదు, దయచేసి అటు లాక్కెళ్ళకండి. 2024లో దాళ్వా ధాన్యం కొన్నాక రాష్ట్రమంతా కలిపి రైతులకి 1,600 కోట్లకి పైగా బకాయి పడింది. జూన్‌లో ప్రభుత్వం మారాక కొత్తవాళ్ళు చెల్లించారు. ఆ నడుమ నెలల్లో మా ఊరి రైతులు ఏం తిన్నారు? బాబాయి 2024 పుస్తకం మామూలు పుస్తకం కంటే రెండింతలు లావుంది. ఎవరు అధికారంలో ఉన్నా ఏదో ఒక బిల్లు ఆగుతుంది, ఏ బిల్లు ఆగినా కొట్టుకే తగులుతుంది.

ఆలస్యం తప్పని చట్టాలకి తెలియక కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే 15 రోజుల్లో కూలి ఇవ్వాలి, లేకపోతే పరిహారం ఇవ్వాలి అని రాశారు. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొంటే 45 రోజుల్లో డబ్బివ్వాలి, దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఎంత బావుందో చూడండి! కానీ ఇందాక చెప్పానుగా, వ్యాపారులకి ఆ జాబితాలో చోటు అప్పుల లెక్క వరకే, ఈ రక్షణ రాదు. పైగా బాబాయి ప్రభుత్వానికి నేరుగా అమ్మలేదు, వంట చేసే లక్ష్మక్కకి అమ్మాడు. చట్టం దృష్టిలో బాకీ ఆవిడది. మన భాషలో చెప్పాలంటే పైన సర్వరు జవాబివ్వకపోతే కింద క్యూలో అన్నీ పేరుకుపోతాయి, తిట్లు మాత్రం క్యూకే.

ఆఫీసులో ఈ సంగతి చెబితే మా టీములో ఒకతను, "అయితే మూతపడనీ, ఏమైంది? పెద్ద దుకాణంలో చవక, ఇంటికి తెచ్చిస్తారు కూడా. పాత పద్ధతిని ప్రభుత్వం ఎందుకు మోయాలి?" అన్నాడు. తీసిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. నేను కూడా హైదరాబాదులో కొత్తిమీర కట్ట ఫోన్లోనే తెప్పించుకుంటాను. చవక మాటా నిజమే, బాబాయి దగ్గర కందిపప్పు కిలోకి నాలుగైదు రూపాయలు ఎక్కువే ఉంటుంది. ఆ నాలుగైదు రూపాయల్లో అరువు వడ్డీ దాగుందని నాకు ఇప్పుడు అర్థమైంది, అది నగదు ఇచ్చేవాడూ మోస్తున్నాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. పేట వాళ్ళకి రాసిన అరువు పద్దులు మిగతావాళ్ళ కంటే చిన్నవి. వెయ్యి దాటితే ఆపేశాడు. మిగతావాళ్ళకి అయిదు, పది వేలు. "ఎందుకు బాబాయ్?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "నాన్నగారి నుంచీ అంతే రా" అన్నాడు చివరికి. కాబట్టి కొట్టుని గుడిలా, బాబాయిని దేవుడిలా చూపించడం నా ఉద్దేశం కాదు.

కానీ మా టీమతనికి ఒకటే చెప్పాను. పెద్ద దుకాణం సరుకు చవకగా ఇస్తుంది, కూలి పడని నెలలో ఇవ్వదు. కొట్టు మూతపడితే లక్ష్మక్క ఆ 46,000 కోసం వెళ్ళేది మోటారుసైకిలు వాడి దగ్గరికే. అప్పుడు బడి పిల్లల పప్పు మీద ఆరు రూపాయల వడ్డీ పడుతుంది.

నాకు తోచింది ఇంతే. కొత్త పథకం పేరు పెట్టేముందు పాత బిల్లులు ఇవ్వండి. ఆలస్యమైతే ఎవరూ అర్జీ పెట్టకుండానే వడ్డీ కలిసి పడేలా చెయ్యండి, ఈ దేశంలో అది రాయగలిగిన ప్రోగ్రామర్లకి కరువా? మధ్యాహ్న భోజనం వండేవాళ్ళకి నెల ఖర్చు ముందే ఇవ్వండి. కొట్టువాళ్ళకి ఒక్కసారి ఇచ్చే అప్పు కాదు, డ్వాక్రాలో లాగా తీర్చినకొద్దీ పెరిగే పరిమితి ఇవ్వండి. పేట వాళ్ళకి బాబాయి దయ అక్కర్లేని రోజు కూడా అప్పుడే వస్తుంది, కూలి కూలిరోజునే చేతిలో పడితే.

ఇంతకీ రెండు లక్షల సంగతి. ఊర్నుంచి బయల్దేరే ముందు ఫోన్లో నా జీతం పడే బ్యాంకు యాప్ తెరిచాను. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు రెండు లక్షలు అకౌంట్లో పడ్డాయి, 11 శాతం వడ్డీకి. తాకట్టు లేదు, జామీను లేదు, నన్ను చూసిన మనిషి లేడు. ముప్పయ్యేళ్ళు ఒక్క రోజు కొట్టు మూయని మనిషికి మూడు నెలల్లో పుట్టని అప్పు, రెండేళ్ళకో కంపెనీ మారే నాకు టీ చల్లారేలోపు పుట్టింది. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలీలేదు.

బాబాయికి పంపిస్తే వద్దనలేదు. పుస్తకంలో కొత్త పేజీ తీసి "చిన్నా - 2,00,000" అని రాసి, వడ్డీ ఎంత పడుతోందని అడిగాడు. వద్దంటే వినలేదు. నెలకి తొంభై రెండు పైసలని రాసుకున్నాడు.

తర్వాత లోపల్నుంచి ఒక పాత పుస్తకం తెచ్చాడు, 2016ది. నేను ఇంజినీరింగు రెండో ఏడు. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదు, 35,000 కడితేనే హాల్ టికెట్ అని కాలేజీలో కూర్చోబెట్టారు. నాన్న ఎక్కడో సర్దాడనే ఇన్నాళ్ళూ నాకు తెలుసు. బాబాయి డైలీ ఫైనాన్సులో 40,000 తీసుకున్నాడట. చేతికొచ్చింది 36,000. రోజుకి 400 చొప్పున వంద రోజులు కట్టాడు. పద్నాలుగు నెలలకి ప్రభుత్వం డబ్బు వచ్చింది, నాన్న 36,000 తెచ్చిచ్చాడు. ఆ నాలుగు వేల తేడా అలాగే ఉంది.

ఆ పద్దు నా పేరు మీద లేదు, నాన్న పేరు మీదా లేదు. పేజీ పైన "గవర్నమెంటు" అని ఉంది. కింద "బాకీ 4,000".

"కొట్టెయ్యకపోయావా?" అన్నాను.

"ఉండనీరా, ఎప్పుడైనా అడుగుతారేమో, ఏం సాయం కావాలని" అన్నాడు బాబాయి.

మీ ఊళ్ళో కొట్టుకి వెళ్ళినప్పుడు ఒకసారి పద్దుల పుస్తకం అడిగి చూడండి. గవర్నమెంటు ఎంత బాకీ ఉందో.